విత్తనాల తోటలో సందర్శన దినం

విత్తనాలమ్మే కంపెనీలు తమ ప్రయోగపు తోటను ఏడాదికొకనాడు ప్రజలకు తెరచి చూపించటం పడమటి దేశాలలో చాలకాలంగా ఉన్న ఆచారం. ఆనాడు తోటలోని బాటలు శుభ్రంగా ఊడ్చి ఉంటాయి. ప్రతి మడి ముందూ రకం పేరు రాసిన చీటీ పాతి ఉంటుంది. పిల్లలు టమాటాలు కొరికి రుచి చూస్తారు. పెద్దలు తమకు నచ్చిన పేర్లు పుస్తకాలలో రాసుకొంటారు. చివరకు అందరూ విత్తనాల బల్ల దగ్గరకు చేరుతారు. ఇదే ఆచారం తెలుగునాట క్షేత్ర దినోత్సవమనే పేరుతో సాగుతున్నది. ఇక్కడ బంతిపూలకు మారుగా మిరప, పత్తి, మొక్కజొన్న, వరి ఉంటాయి. షామియానా, మైకు, మధ్యాహ్న భోజనం ఉంటాయి. రైతులు చేలో నడుస్తారు, కంకి విరిచి చూస్తారు, కాయలు లెక్కపెడతారు, తొలకరికి ఏ సంచి కొనాలో అక్కడే సగం నిర్ణయించుకొంటారు.

అమెరికాలో పెరటి తోట వేసే గృహస్థు పొరపాటు పడితే అతనికి పోయేది నాలుగు టమాటా మొక్కలు. ఇక్కడ రైతు పొరపాటు పడితే ఒక ఖరీఫ్ పోతుంది, దానితోపాటు ఆ ఏటి అప్పు మిగిలిపోతుంది. కనుక ఇటువంటి తోట ఏమి రుజువు చేస్తున్నది, ఏమి రుజువు చేయటం లేదు అనే ప్రశ్న కేవలం శాస్త్ర కుతూహలంతో అడిగేది కాదు. పిల్లలను వెంటబెట్టుకొని అటువంటి తోటకు వెళ్ళే ఉపాధ్యాయుడు మొదట వేసుకోవలసిన ప్రశ్న కూడ అదే. అది ప్రయోగమా, ప్రదర్శనా?

ఈ ఆచారానికి చరిత్రలో పేరుపడిన తోట ఒకటున్నది. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రపు డాయిల్స్‌టౌన్ దగ్గర ఉన్న ఫోర్డ్‌హుక్ క్షేత్రం అది. అట్లీ బర్పీ అనే యువకుడు 1876లో ఫిలడెల్ఫియాలో పెట్టిన కంపెనీ కొద్దికాలంలోనే టపా ద్వారా విత్తనాలమ్మటంలో పెద్దపేరు సంపాదించింది. బర్పీ 1888లో ఈ క్షేత్రాన్ని కొన్నాడు. అతడు ఐరోపాకు వెళ్ళి అక్కడి తోటలలో తిరిగి, మంచివని తోచిన కూరగాయల, పూల విత్తనాలను తెచ్చేవాడు. అయితే ఐరోపా చల్లని వేసవిలో పండినది అమెరికా మండుటెండలో పండాలని నియమమేమీ లేదు. వాటిని ముందు తన పొలంలో నాటి, నిలిచినవాటినే అమ్మకపు పట్టికలో చేర్చటం కోసం ఫోర్డ్‌హుక్ ఏర్పడింది. ఉద్దేశం చక్కనిది. ఎక్కడో బాగా పండిందన్న మాట నమ్మకుండా, ఇక్కడ పండుతుందా అని స్వయంగా నాటి చూడటమే వ్యవసాయ ప్రయోగానికి మొదటి మెట్టు. ఈ కంపెనీ పేరుతో 1902లో గోల్డెన్ బాంటమ్ అనే తీపి మొక్కజొన్న, 1907లో ఫోర్డ్‌హుక్ పొద చిక్కుడు, 1949లో బిగ్ బాయ్ అనే సంకర టమాటా వెలువడినాయి. దాని తోటలను చూడటానికి సందర్శకులు వచ్చేవారు.

గోల్డెన్ బాంటమ్ సంగతి కొంత చెప్పుకోదగినది. ఆ కాలంలో అమెరికనులు తెల్లగింజల మొక్కజొన్న మనుషులకు, పచ్చగింజలది పశువులకు అని అనుకొనేవారు. పచ్చగింజల చిన్న కంకిని తోటలో దూరంనుంచి చూసి ఎవరూ మెచ్చుకొని ఉండరు. కొరికినవారే మెచ్చుకొన్నారు. కంటి తీర్పుకూ నాలుక తీర్పుకూ ఇంత తేడా ఉన్నప్పుడు, మనిషిని తోటలోకి తీసుకువచ్చి చేతిలో కంకి పెట్టటానికి మించిన ఉపాయం లేదు. సందర్శన దినానికి ఈ మేలును ఒప్పుకొని తీరాలి. బొమ్మల పట్టికలో రంగు తప్ప ఏమీ తెలియదు. తోటలో ఆకు నూగు, కాయ బరువు, పండు వాసన, కాండం బలం తెలుస్తాయి. ఒకే జాతి మొక్కలో ఎన్ని రకాలుంటాయో పాఠ్యపుస్తకంలో పది పుటలు చదివినదానికంటె ఇరవై రకాల మిరప పక్కపక్కన చూసిన పిల్లవానికే బాగా పట్టుబడుతుంది. డార్విన్ పావురాలను చూసి గ్రహించినది ఇటువంటి వైవిధ్యాన్నే.

వైవిధ్యాన్ని చూపించటంతో తోట ఆగినట్లయితే దానిమీద ఆక్షేపణకు తావు లేదు. కాని తోట అక్కడ ఆగదు. రెండు మడులను పక్కపక్కన పెట్టి, "ఇదిగో మా కొత్త రకం, అదిగో పాత రకం, చూసుకోండి" అంటుంది. ఈ మాట అన్న క్షణంనుంచి అది శాస్త్రవాదం అయింది. కనుక దానిని శాస్త్రపు తక్కెడలోనే తూచాలి.

ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో మెర్సర్, హాల్ అనే ఇద్దరు ఒక విచిత్రమైన పని చేశారు. ఒకే రకం గోధుమ వేసిన, చూపుకు అంతటా ఒకే మాదిరిగా ఉన్న ఒక ఎకరం చేనును 500 చిన్న మడులుగా గుర్తించి, ఏ మడి పంటను ఆ మడిగా కోసి, నూర్చి, తూచారు. ఫలితాలను 1911లో ప్రకటించారు. ఒక్కొక్క మడి సుమారు పది చదరపు గజాలు. విత్తనం ఒకటే, ఎరువు ఒకటే, వాన ఒకటే. అయినా గింజల తూకం కొన్ని మడులలో 3 పౌన్లకు లోపుగా, కొన్నింటిలో 5 పౌన్లకు పైగా వచ్చింది. మొత్తం సగటు 4 పౌన్లకు కొంచెం తక్కువ. మడికీ మడికీ మధ్య ప్రామాణిక విచలనం సగటులో నూటికి 11 వంతులకు పైగా ఉన్నది. అనగా ఒకే రకాన్ని రెండు మడులలో వేసి, ఒకదానికి "పాతది" అనీ రెండవదానికి "కొత్తది" అనీ చీటీలు పాతినా, నూటికి పది పదిహేను వంతుల తేడా అలవోకగా రావచ్చును. మంచి మన్ను ఎటు పడితే అటు "గెలుపు".

ఇంత తేడా ఎందుకు వస్తుందంటే, చేను పైకి కనిపించినంత సమంగా లోపల ఉండదు. ఒకచోట పాత గట్టు కలిసి ఉంటుంది, ఒకచోట ఎప్పుడో పెంటకుప్ప వేసి ఉంటారు, ఒక మూల నీరు నిలుస్తుంది, ఒక మూల సుద్దనేల పైకి వస్తుంది. పల్లెటూరి పిల్లలకు ఇది కొత్త సంగతి కాదు. తమ చేలో ఏ మూల పైరు ఎప్పుడూ ఏపుగా ఉంటుందో వారికి బాగా తెలుసు.

దీనికి విరుగుడు కూడ రోథమ్‌స్టెడ్‌లోనే స్థిరపడింది. 1919లో అక్కడ ఉద్యోగంలో చేరిన ఫిషర్ అనే గణితవేత్త క్షేత్ర ప్రయోగాలను ఎలా అమర్చాలో 1926లో ఒక వ్యాసంలోనూ, 1935లో ఒక గ్రంథంలోనూ వివరించాడు. మొదటి సూత్రం పునరావృత్తి. ఒక్కొక్క రకాన్ని ఒక్క మడిలోగాక పలుచోట్ల వేయాలి. నాలుగు మడుల సగటు తీసుకొంటే పొరపాటు సగమవుతుంది, పదహారు మడుల సగటు తీసుకొంటే నాలుగో వంతవుతుంది. రెండవది, ఏ రకం ఏ మడిలో పడాలో మనిషి ఇష్టానికి వదలక చీట్లు వేసినట్లు నిర్ణయించాలి. లేకపోతే తెలిసో తెలియకో మంచి మడి ముద్దుబిడ్డకే దక్కుతుంది. మూడవది, ప్రయోగపు చేనును కొన్ని భాగాలుగా విభజించి, ఒక్కొక్క భాగంలో అన్ని రకాలూ ఉండేటట్లు చూడాలి. అప్పుడు ఒక మూల మన్ను మంచిదైనా అందరికీ సమంగా మంచిదవుతుంది. ఎన్నికలలో పోటీచేసేవారికందరికీ ప్రతి ఊళ్ళోనూ ఒక్కొక్క పెట్టె పెట్టినట్లన్నమాట.

ఇప్పుడు సందర్శన దినపు తోటకు తిరిగి వద్దాం. అక్కడ సాధారణంగా ఒక్కొక్క రకానికి ఒకటే మడి. ఏ మడి ఎక్కడ ఉండాలో చీట్లు వేసి నిర్ణయించరు. చూపుకు అందంగా ఉండేటట్లు అమరుస్తారు. రంగు పక్కన రంగు, పొట్టి వెనుక పొడుగు, కొత్త రకం బాట మలుపులో. తోటమాలి కళగా ఇది మెచ్చుకోదగినదే. కాని మెర్సర్, హాల్ లెక్కలు తెలిసినవారికి అక్కడి "ముందు, వెనుక"లు గాలిలో గీసిన గీతలవలె కనిపిస్తాయి. కంపెనీవారి దగ్గర వేరుగా సరైన ప్రయోగాలు లేవని దీని అర్థం కాదు. పెద్ద కంపెనీలలో చదువుకొన్న పరిశోధకులుంటారు, పలుచోట్ల వేసిన మడుల లెక్కలు వారి పుస్తకాలలో ఉంటాయి. ఆక్షేపణ ఏమనగా, ఆ పుస్తకం ఆనాడు బయటకు రాదు. బయటకు వచ్చేది మడి. నిర్ణయానికి పనికివచ్చే సాక్ష్యం బీరువాలో, పనికిరానిది బాట పక్కన!

బాట పక్కన అనటంలో ఇంకొక విశేషం ఉన్నది. మడి అంచున ఉన్న మొక్కకు ఒకవైపు పోటీ లేదు. దానికి వెలుతురు ఎక్కువ, వేళ్ళకు చోటు ఎక్కువ, ఒక్కొక్కప్పుడు నీరు కూడ ఎక్కువ. అందువల్ల అది లోపలి మొక్కలకంటె బలంగా పెరిగి ఎక్కువ కాస్తుంది. ప్రయోగం చేసేవాడు పంట తూచేటప్పుడు ఈ అంచు సాళ్లను ముందుగా కోసి పక్కన పారవేస్తాడు. వాటిని లెక్కలో చేర్చడు. సందర్శకుడు బాటమీద నడుస్తాడు, వంగి చూస్తాడు, చేయి చాచి కాయ పట్టుకొంటాడు. అతని చేతికి అందేది ఆ అంచు మొక్కే. పరిశోధకుడు పనికిరాదని విడిచిపెట్టిన మొక్కను చూసి సందర్శకుడు తీర్పు చెబుతున్నాడు. ఇందులో మోసమేమీ లేదు, బాట అక్కడే ఉన్నది కనుక అలా జరుగుతున్నది. అయినా, పిల్లలను మడి మధ్యకు తీసుకువెళ్ళి లోపలి మొక్క కాయలూ అంచు మొక్క కాయలూ లెక్కపెట్టించే ఉపాధ్యాయుడు వారికి ఒక గంటలో గొప్ప పాఠం చెప్పినవాడవుతాడు. ఏ గట్టు పక్కనైనా ఈ లెక్క వేయవచ్చును. దీనికి కంపెనీ తోటే కానక్కరలేదు.

తోటను చూసేది ఒక్కరోజు. పంట బతికేది నాలుగు నెలలు, అయిదు నెలలు. ఆ ఒక్కరోజును ఎవరు ఎన్నుకొంటారు? తోటవారే. పైరు నిండుగా ఉన్ననాడు పిలవటం సహజమే, పెండ్లికూతురును అలంకరించకముందు ఎవరూ చూపించరు. కాని రకాల కాలపరిమితి వేరైనప్పుడు ఏ రోజును ఎన్నుకొన్నా ఎవరికో అన్యాయం జరుగుతుంది. కాటన్‌దొర సన్నాలు అని పిలిచే ఎం.టి.యు. 1010 వరి సుమారు 120 రోజుల పంట. సాంబ మసూరిగా ప్రసిద్ధమైన బి.పి.టి. 5204 సుమారు 145, 150 రోజుల పంట. రెండింటినీ ఒకనాడే నారుపోసి, నూట పదిహేనవ రోజున జనాన్ని పిలిస్తే మొదటిది బంగారు రంగు తిరిగి తలవంచి ఉంటుంది, రెండవది అప్పుడే ఈనుతూ ఉంటుంది. అనుభవమున్న రైతు దీనిని గ్రహిస్తాడు. పట్టణపు విద్యార్థి గ్రహించడు. అంతవరకు సాంబ మసూరిని చూడనివాడు దానిని వెనుకబడిన రకమనుకొని పోయినా ఆశ్చర్యం లేదు.

ఆ సాంబ మసూరి కథ మరొక విధంగా కూడ ఇక్కడ పనికివస్తుంది. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన ఈ వంగడం సన్నని గింజకు, అన్నం నాణ్యానికి పేరుపొందింది. దాని గొప్ప పొలంలో కనిపించేది కాదు, కంచంలో తెలిసేది. దాని బలహీనత కూడ ఒకనాటి చూపుకు అందేది కాదు. బాక్టీరియా ఎండాకు తెగులుకు అది సులభంగా లొంగుతుంది. తెగులు రాని ఏడు చూసినవాడు దానిలో లోపమే లేదంటాడు. తెగులు వచ్చిన ఏడు చూసినవాడు దానిని దగ్గరకు రానివ్వవద్దంటాడు. ఇద్దరూ కళ్ళతో చూసే చెబుతున్నారు! హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమూ వరి పరిశోధనా సంస్థా కలిసి, తెగులును తట్టుకొనే మూడు జన్యువులను దానిలోకి ఎక్కించి తయారుచేసిన మెరుగుపరచిన సాంబ మసూరి 2008లో విడుదలైంది. ఆ పనిలో తెగులును దానంతట అది వచ్చేవరకు కనిపెట్టుకొని కూర్చోరు. తెగులు సూక్ష్మజీవులను కావాలని ఆకులకు అంటించి చూస్తారు. ప్రయోగమంటే ఇటువంటిది. ఓడిపోయే అవకాశం కల్పించనిదే ఏ రకమూ గెలిచిందని చెప్పటానికి వీలులేదు. సందర్శన దినపు తోటలో కలుపు తీసి, వేళకు నీరు పెట్టి, మందు చల్లి ఉంచిన మడిలో ఓడిపోయే అవకాశం ఎక్కడున్నది?

ఇక సంకర విత్తనాల మడి. సందర్శకులు ఎక్కువసేపు నిలబడేది ఇక్కడే. మొక్కలన్నీ ఒకే ఎత్తు, కాయలన్నీ ఒకే పరిమాణం, అచ్చులో పోసినట్లుంటాయి. పక్కనున్న సూటి రకం మడిలో కొంచెం హెచ్చుతగ్గులు కనిపిస్తాయి. చూసినవారి మనస్సులో ఏకరూపత అంటే ఆరోగ్యమని, బలమని, మంచి విత్తనమని ఒక భావం నాటుకొంటుంది. నిజానికి ఏకరూపతకు కారణం వేరు. రెండు శుద్ధమైన వంశాలను కలిపినప్పుడు మొదటి తరం మొక్కలన్నింటికీ ఒకే జన్యు సంపుటి వస్తుంది. మెండెల్ బఠాణీలలో మొదటి తరమంతా పొడుగు మొక్కలే రావటానికి కారణమేదో దీనికీ అదే. సంకరాలలో కనిపించే అధిక దిగుబడి శక్తి కూడ నిజమే. దానివల్ల వచ్చే లాభాన్ని కాదనలేము. మొక్కజొన్న చరిత్రే దానికి సాక్షి. కాని ఏకరూపతా, దిగుబడీ రెండు వేరు గుణాలు. అచ్చులో పోసినట్లున్న మడి తక్కువ దిగుబడి ఇవ్వటానికి అభ్యంతరమేమీ లేదు.

ఇక్కడ చూపించవలసినది, సాధారణంగా చూపించనిది ఒక సాలు ఉన్నది. ఆ సంకరపు కాయల విత్తనాన్నే తీసి మరుసటి ఏడు నాటిన సాలు అది. పొడుగు, పొట్టి అనే ఒక్క గుణంలో తల్లిదండ్రులకు తేడా ఉంటే రెండవ తరంలో నూటికి సుమారు 75 పొడుగు, 25 పొట్టి వస్తాయని పదో తరగతి పిల్లలకు తెలుసు. పది గుణాలలో తేడా ఉంటే, ఆ గుణాలు ఒకదానితో ఒకటి ముడిపడి లేవనుకొంటే, రెండవ తరంలో ఒక మొక్క అన్ని గుణాలలోనూ మొదటి తరపు మొక్క జన్యు సంపుటినే పొందటానికి ఉన్న అవకాశం 1024లో ఒకటి. పిల్లలు ఈ లెక్క కాగితం మీద వేస్తారు. ఒక్కసాలు మొక్కలు దానిని కళ్ళకు కట్టిస్తాయి. రైతు ఏటేటా విత్తనం ఎందుకు కొనవలసివస్తున్నదో కూడ ఆ సాలే చెబుతుంది. అమ్మేవారు ఆ సాలు వేయకపోవటానికి కారణం ఊహించటం కష్టం కాదు. అయినా శాస్త్రాన్ని నేర్పుతున్నామని చెప్పుకొనే తోటలో అది లేకపోవటం పెద్ద కొరత.

కేళీల సంగతి కూడ ఇటువంటిదే. ఎంత జాగ్రత్తగా తయారుచేసిన విత్తనంలోనైనా అక్కడక్కడ ఒక బెరకు మొక్క వస్తుంది. సందర్శన దినానికి ముందు కూలీలు మడులలో తిరిగి వాటిని పీకివేస్తారు. విత్తనపు చేలో కేళీలు పీకటం తప్పనిసరి. ప్రదర్శనపు మడిలో పీకితే మాత్రం, ఆ సంచిలో వందకు ఎన్ని బెరకులున్నాయో తెలుసుకొనే అవకాశం పోతుంది. సందర్శకుడు చూసేది సంచిలో ఉన్నదానిని కాదు, సంచిలో ఉండాలని కంపెనీ కోరుకొనేదానిని.

ఈ లోపాలు విత్తన వ్యాపారులకు తెలియనివి కావు. తమలో ఒకరిమీద ఒకరికి ఉన్న అపనమ్మకమే వారిచేత ఒక మంచి పని చేయించింది. అమెరికాలో రే హేస్టింగ్స్ అనే విత్తన వ్యాపారి ప్రోత్సాహంతో 1932లో ఆల్ అమెరికా సెలెక్షన్స్ అనే సంస్థ ఏర్పడింది. కంపెనీలు తమ కొత్త రకాలను దానికి పంపుతాయి. అవి దేశంలో వేరువేరు వాతావరణాలున్న చోట్ల పెరుగుతాయి. రకానికి పేరుండదు, అంకె మాత్రమే ఉంటుంది. ఏ అంకె ఎవరిదో తీర్పు చెప్పేవారికి తెలియదు. ప్రతి కొత్త రకం పక్కన, అంతవరకు బజారులో ఉన్న మంచి రకాన్ని పోలిక రకంగా నాటుతారు. సీజనంతా చూసి మార్కులు వేస్తారు. పేరు దాచటం, పలుచోట్ల చూడటం, పోలిక రకం ఉంచటం — సందర్శన దినపు తోటలో లేని మూడూ ఇక్కడ ఉన్నాయి. గెలిచినవాటి పేర్లు 1933 నుంచి ప్రకటిస్తున్నారు. అయితే ఈ ఏర్పాటులోనూ ఒక కిటికీ మూసే ఉన్నది. గెలిచినవాటిని ప్రకటిస్తారు గాని, ఓడినవి ఏవో చెప్పరు. నూరు అంకెలలో పది గెలిస్తే తక్కిన తొంభైనుంచి పాఠం ఎవరికీ అందదు.

ఓటమిని బయటపెడితే వ్యాపారం దెబ్బతింటుందని అంటారు. దీనికి జవాబు బర్పీ కంపెనీ చరిత్రలోనే ఉన్నది. తండ్రి 1915లో పోయిన తరువాత కంపెనీ నడిపిన డేవిడ్ బర్పీకి బంతిపూవు అంటే పిచ్చి. మెక్సికో ప్రాంతంలో పుట్టి, ఎన్నడో సముద్రం దాటివచ్చి, తెలుగువారి గుమ్మాలకు తోరణమై సంక్రాంతి గొబ్బెమ్మల మీద కూర్చున్న బంతి ఇదే. బంతిలో పసుపు, నారింజ, ఎరుపు ఉన్నాయి గాని స్వచ్ఛమైన తెలుపు లేదు. కంపెనీ పరిశోధకులు ఎంతో ప్రయత్నించారు, రాలేదు. 1954లో ఆ కంపెనీ, తెల్లబంతి విత్తనం పంపినవారికి 10,000 డాలర్ల బహుమానమని ప్రకటించింది. అనగా "మాకు చేతకాలేదు, మీరు ప్రయత్నించండి" అని దేశమంతటికీ చెప్పింది. ఏటేటా ఇండ్ల పెరళ్లనుంచి విత్తనాలు వచ్చేవి. కంపెనీ వాటిని నాటి చూసేది. పూసినవి పాలిపోయిన పసుపో, మీగడ రంగో అయ్యేవి. ఇరవై ఒక్క ఏండ్ల తరువాత, 1975లో, అయోవా రాష్ట్రంలోని సల్లీ అనే చిన్న ఊరికి చెందిన ఆలిస్ వాంక్ అనే గృహిణి పంపిన విత్తనానికి బహుమానం దక్కింది. ఆమె చేసిన పని, ఏటేటా తన పెరటిలో అన్నింటికంటె తెల్లగా పూసినవాటి విత్తనాన్ని దాచి మరుసటి ఏడు నాటటం. వరణమనే మాటకు ఇంతకంటె తేలికైన ఉదాహరణ దొరకదు.

ఇదంతా ప్రకటన కోసం చేసిందేనని ఎవరైనా అనవచ్చును. అందులో నిజముంది. కాని ఇరవై ఒక్క ఏండ్లు ఓటమిని బాహాటంగా ఒప్పుకొన్నా ఆ కంపెనీకి నష్టం రాలేదు సరిగదా, పేరు పెరిగింది. తోటలో ఒక మూల "ఈ ఏడు మేము నాటి విడిచిపెట్టిన రకాలు" అనే బోర్డుతో పది సాళ్లు వదిలితే, వాటి ముందు కారణాలు రాస్తే, ఒకటి తెగులుకు పోయింది, ఒకటి గాలికి పడిపోయింది, ఒకటి రుచి లేదు అని చెబితే, మిగిలిన మడుల మాట జనం ఇంకా ఎక్కువగా నమ్ముతారు. నిజమైన ప్రయోగపు తోటలో అధికభాగం అటువంటి సాళ్లే. సందర్శన దినం తోటలో సగాన్ని దాచి మిగిలిన సగాన్ని చూపుతున్నది.

తెలుగునాట ఈ విషయంలో వెనుకబడ్డామనుకోవటానికి వీలులేదు. వరి రకాలను దేశంలోని అనేక కేంద్రాలలో ఒకే పద్ధతిలో పరీక్షించే అఖిల భారత సమన్వయ పథకానికి 1965లో హైదరాబాదులోని రాజేంద్రనగరే కేంద్రమైంది. ఒక రకం విడుదల కావటానికి ముందు పలుచోట్ల, పలు సీజనులలో పోలిక రకాల పక్కన నిలబడవలసి ఉంటుంది. ఆ తరువాత చిరుసంచుల పేరిట రైతుల పొలాలలోనే, రైతుల పెట్టుబడితోనే, రైతుల కలుపుతోనే అది పరీక్ష కావాలి. ఈ చిరుసంచి మడి చూడటానికి ముచ్చటగా ఉండదు. అక్కడ షామియానా ఉండదు. కాని పక్క ఊరి సామాన్య రైతు పొలంలో సామాన్యమైన సేద్యంతో ఆ రకం ఎంత పండిందో అది చెబుతుంది. రోడ్డు పక్క నున్నగా దిద్దిన ప్రదర్శన క్షేత్రం చెప్పలేనిది సరిగ్గా అదే.

సంచిమీద రాసి ఉండే అంకెలను కూడ క్షేత్ర దినోత్సవంలో చూసినదానితో కలిపి చదివేవారున్నారు. 1966 నాటి విత్తన చట్టం కింద ఏర్పడిన ప్రమాణాలలో వరికి నూటికి 80, టమాటాకు 70, మిరపకు 60 కనీస మొలక శాతాలు. ఇది మొలకకు మాత్రమే హామీ. దిగుబడికి కాదు, తెగులు రాదనటానికీ కాదు. బర్పీ కంపెనీ పాత నినాదం కూడ తమ విత్తనాలు మొలుస్తాయన్నంతవరకే, అంతకు మించి అనలేదు! ఆ ఒక్క హామీని మాత్రం పాఠశాలలో సులభంగా పరీక్షించవచ్చును. సంచినుంచి ఏరకుండా నూరు గింజలు తీసి, తడిగుడ్డలో చుట్టి, వారం పదిరోజులకు విప్పి మొలకలు లెక్కపెట్టాలి. మిరపకు రెండు వారాలు ఆగాలి. నాలుగు జట్లు నాలుగు నూర్లు వేస్తే నాలుగు అంకెలు వేరువేరుగా రావటం, మెర్సర్, హాల్ గోధుమ చేనులో చూసిన తేడా వంటిదే తమ బల్లమీద కనిపించటం, పిల్లలకు మరొక ఆశ్చర్యం.

ఇంత పనిచేసిన పిల్లలు తోటకు వెళ్ళినప్పుడు వారి ప్రశ్నలు వేరుగా ఉంటాయి. ఈ రకానికి ఎన్ని మడులు వేశారు, ఎక్కడెక్కడ వేశారు? పోలిక రకం ఏది, దానికీ ఇంతే ఎరువు పెట్టారా? ఎన్నిసార్లు మందు చల్లారు? నిరుడు ఇది ఎంత పండింది? చూపించే ఉద్యోగి వీటిలో కొన్నింటికి జవాబు చెబుతాడు, కొన్నింటికి పై అధికారివైపు చూస్తాడు. ఉద్యోగికి తెలియనివి కొన్ని మడులలో పనిచేసిన కూలీలకు తెలుసు. ఏ సాలులో మొలక పలచబడి మళ్ళీ గింజలు పోశారో, ఏ మడిలో పురుగు ముందు కనిపించిందో వారే చెప్పగలరు. నిరుడు ఇదే చోట ఏయే రకాలు నాటి, ఈ ఏడు ఎందుకు మానివేశారని అడిగితే, అన్నింటికంటె ఎక్కువ తెలిసేది ఆ జవాబులోనే.